ఇంటి కప్పు, గోడలు, లోపలి ఉక్క: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏప్రిల్ వచ్చిందంటే ఇంటి వేడి గురించి తలో మాటా చెబుతారు. పెయింట్ షాపు వాళ్లది ఒకటి, మేస్త్రిది ఇంకొకటి, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుది మరొకటి. ఎక్కువగా వినిపించే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఉన్నాయి. ఇవి ముఖ్యంగా తెలుగు రాష్ట్రాల ఇళ్ల గురించి. ఇక్కడ పనిచేసే పద్ధతి లద్దాఖ్‌లోని లేహ్‌లోనో, అమెరికాలోని న్యూజెర్సీలోనో ఎందుకు పనిచేయదో కూడా మధ్యమధ్యలో వస్తుంది.

ఎండ పోయి నాలుగైదు గంటలైనా పడకగది ఎందుకు ఉడుకుతోంది?

బయటి ముఖం వేడెక్కగానే లోపలి ముఖం వేడెక్కదు. ఐదంగుళాల కాంక్రీటు శ్లాబు దాటి రావడానికి వేడికి సుమారు మూడు నాలుగు గంటలు పడుతుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడకైతే ఆరు నుంచి ఎనిమిది గంటలు.

ఇప్పుడు లెక్క వేసుకోండి. శ్లాబు పైభాగం మధ్యాహ్నం ఒకటి, రెండు గంటల వేళ బాగా కాలుతుంది. సీలింగు వేడి పుంజుకునేది సాయంత్రం ఐదారింటికి. పడమటి గోడకి ఎండ గట్టిగా తగిలేది మూడు నుంచి ఆరు దాకా. ఆ వేడి మీ మంచం పక్కకి చేరేది రాత్రి పది తర్వాత. పై అంతస్తులో, పడమటి వైపు పడకగది ఉన్నవాళ్లకి సాయంత్రం కప్పు, రాత్రి గోడ వంతులవారీగా వేడి పంపిస్తుంటాయి. వాస్తు ప్రకారం నైరుతిలో మాస్టర్ బెడ్‌రూమ్ పెట్టుకున్న ఇళ్లలో ఈ ఫిర్యాదు ఎక్కువగా రావడానికి కారణం ఇదే. వాస్తు మార్చుకోమని చెప్పడం లేదు, కానీ ఆ గోడకి కాస్త ఎక్కువ ఖర్చు పెట్టక తప్పదు.

ఇంటి వేడి గురించి ఆలోచించేటప్పుడు ఎంత వేడి వస్తోందనే చూస్తాం. ఎప్పుడు వస్తోందన్నది కూడా అంతే ముఖ్యం. సాయంత్రం ఐదింటికి తాళం వేసే ఆఫీసుకి రాత్రి పదింటికి వచ్చే వేడితో పనిలేదు. మనుషులు పడుకునే ఇంటికి అదే పెద్ద సమస్య.

గదిలో థర్మామీటర్ 33 చూపిస్తోంది. మరి అంతకన్నా వేడిగా ఎందుకు అనిపిస్తుంది?

థర్మామీటర్ గాలి వేడినే చెబుతుంది. మన ఒంటికి గాలి ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న కప్పు, గోడలు, కిటికీ అద్దం అన్నీ వేడిని ప్రసరిస్తాయి. గాలి పెద్దగా కదలని గదిలో మనకి తెలిసే వేడి దాదాపు ఈ రెండింటి సగటు. గాలి 33 డిగ్రీలుండి, చుట్టూ ఉన్న ఉపరితలాల సగటు 39 ఉంటే, ఒంటికి 36లో ఉన్నట్టే ఉంటుంది. సీలింగు కింద అరచెయ్యి పైకి చాచి చూడండి, తాకకుండానే సెగ తెలుస్తుంది.

ఫ్యాను చెమటని ఆరబెట్టి మనకి రెండు మూడు డిగ్రీల ఉపశమనం ఇస్తుంది. అయితే కాలిన సీలింగు దగ్గర పేరుకున్న వేడిగాలిని కిందికి తోసేది కూడా అదే. సీలింగు చల్లబడితే అదే ఫ్యాను, అదే స్పీడులో ఎంతో హాయిగా అనిపిస్తుంది.

ముందు ఖర్చు పెట్టాల్సింది కప్పుకా, గోడలకా?

సొంత ఇల్లు లేదా పై అంతస్తు అయితే కప్పుకే. ఇందులో రెండో మాట లేదు. హైదరాబాదు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఇంకోసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రోజుల్లో మధ్యాహ్నం డాబా మీద ప్రతి చదరపు మీటరుకీ వెయ్యి వాట్లకి అటూఇటుగా ఎండ పడుతుంది. అదే సమయంలో దక్షిణపు గోడ మీద నేరుగా పడే ఎండ దాదాపు సున్నా. మే, జూన్ నెలల్లో మన దగ్గర సూర్యుడు కాస్త ఉత్తరానికే ఉంటాడు. దక్షిణపు గోడకి ఎండ తగిలేది చలికాలంలో, అప్పుడు అది హాయిగానే ఉంటుంది.

కప్పు తర్వాత పడమటి గోడ, ఆ తర్వాత తూర్పు గోడ. తూర్పు గోడకీ పడమటి గోడకీ పడే ఎండ సుమారు సమానమే. కానీ తూర్పు ఎండ వచ్చేసరికి రాత్రంతా చల్లబడిన ఇల్లు ఉంటుంది. పడమటి ఎండ వచ్చేసరికి ఇల్లు అప్పటికే వేడెక్కి ఉంటుంది.

మధ్య అంతస్తు ఫ్లాట్ అయితే కప్పు పైవాళ్ల బాధ. మీరు పడమటి గోడ, కిటికీలు చూసుకోండి.

డాబాకి తెల్ల రంగు వేస్తే నిజంగా తేడా ఉంటుందా? కంపెనీలు పది డిగ్రీలు తగ్గుతుందంటున్నాయి.

పది డిగ్రీలు, అంతకన్నా ఎక్కువే తగ్గుతుంది. కాకపోతే తగ్గేది శ్లాబు పైముఖం మీద, మీ గదిలో కాదు. ప్రకటనల్లో ఈ తేడా చెప్పరు. పాతబడి నల్లగా మారిన కాంక్రీటు తన మీద పడిన ఎండలో డెబ్బై, ఎనభై శాతం పీల్చుకుంటుంది. మంచి తెల్లపూత కొత్తలో ఇరవై, ముప్పై శాతమే పీల్చుకుంటుంది. దాంతో మే మధ్యాహ్నం 60 డిగ్రీలు దాటే డాబా, 40–45 దగ్గర ఆగుతుంది. పెనంలా కాలే చోట చెప్పులు లేకుండా నడవగలుగుతారు. లోపల గాలి వేడి మాత్రం సాధారణంగా రెండు నుంచి ఐదు డిగ్రీలు తగ్గుతుంది. 2017లో హైదరాబాదులో పాతిక పేద ఇళ్ల మీద తెల్లటి కూల్ రూఫ్ పొర పరిచి చూస్తే, అలాంటివే పక్క ఇళ్లకన్నా లోపల సగటున 2 డిగ్రీలు తక్కువ నమోదైంది.

రెండు డిగ్రీలేనా అనుకోకండి. సీలింగు సెగ కూడా తగ్గుతుంది కాబట్టి ఒంటికి తెలిసే తేడా అంతకన్నా ఎక్కువ. ఏసీ లేని ఇంట్లో నిద్ర పట్టడానికీ పట్టకపోవడానికీ మధ్య ఉండే తేడా చాలాసార్లు ఇంతే.

కొత్త జింకు రేకు తెల్లగా మెరుస్తుంది కదా, అది ఎందుకు అంత కాలుతుంది?

చాలా మంచి ప్రశ్న, ఎందుకంటే చాలామంది ఇంజనీర్లు కూడా ఇక్కడ తడబడతారు. ఉపరితలానికి రెండు గుణాలు చూడాలి. ఎండని ఎంత తిప్పికొడుతుంది అన్నది ఒకటి. లోపలికి వెళ్లిన వేడిని మళ్లీ ఆకాశంలోకి ఎంత బాగా వదిలేస్తుంది అన్నది రెండోది. కొత్త జింకు రేకు మొదటి పరీక్షలో ఫర్వాలేదు, సగానికి పైగా ఎండని తిప్పికొడుతుంది. రెండో పరీక్షలో తప్పుతుంది. మెరిసే లోహాలన్నీ వేడిని వదలడంలో పరమ పిసినారులు. అందుకే ఎక్కిన కొద్దిపాటి వేడి కూడా దాని మీదే నిలిచిపోతుంది. పైగా నాలుగేళ్లకి మెరుపు పోయి మట్టిరంగు తిరిగితే ఆ మొదటి గుణం కూడా పోతుంది.

తెల్ల పెయింట్, సున్నం, తెల్ల టైల్స్ రెండు పరీక్షలూ పాసవుతాయి. దేశంలో వాణిజ్య భవనాలకి వర్తించే 2017 నాటి ఇంధన పొదుపు కోడ్ కూడా కూల్ రూఫ్‌కి ఈ రెండు గుణాలనీ విడివిడిగా అడుగుతుంది. డబ్బా మీద ఎండని తిప్పికొట్టే శాతం ఒక్కటే రాసి ఉంటే రెండోది కూడా అడగండి.

రేకుల ఇళ్లకి తెల్లపూత వల్ల కలిగే లాభం శ్లాబు ఇళ్లకన్నా చాలా ఎక్కువ. రేకుకి మందం లేదు, అడ్డుకునే శక్తి లేదు. పైన పడిన ఎండ నిమిషాల్లో లోపలికి దిగుతుంది. అహ్మదాబాద్ నగరం 2010 వడగాడ్పుల్లో పెద్ద ఎత్తున ప్రాణనష్టం చూసిన తర్వాత 2013లో వేడిని ఎదుర్కొనే ప్రణాళిక తయారు చేసుకుంది. 2017లో బస్తీల ఇళ్ల కప్పులకి సున్నం వేయించడం మొదలుపెట్టింది కూడా ఈ లెక్కతోనే. మన ఊళ్లలో రేకుల మీద కొబ్బరి మట్టలో, తాటాకులో పరుస్తారే, అదీ మంచి పనే. ఆకు నీడనిస్తుంది, ఆకుకీ రేకుకీ మధ్య గాలి ఆడుతుంది. నిప్పు భయం ఒక్కటి చూసుకోవాలి.

సున్నమా, కూల్ రూఫ్ పెయింటా, తెల్ల టైల్సా?

చేతిలో ఉన్న డబ్బుని బట్టి. సున్నం అన్నిటికన్నా చవక, కొత్తలో చాలా బాగా పనిచేస్తుంది, ఒక వానాకాలంతో చాలావరకు కొట్టుకుపోతుంది. అంటుకోవడానికి జిగురు కలిపి వేస్తారు, అలా చేస్తే కాస్త ఎక్కువ నిలుస్తుంది. ఏటా మార్చిలో ఒక ఆదివారం కేటాయించగలిగితే సున్నంలో తప్పేమీ లేదు. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకి నేను ఇదే చెబుతాను.

అక్రిలిక్ కూల్ రూఫ్ పెయింట్ కొన్నేళ్లు వస్తుంది, సన్నని పగుళ్లని కూడా కప్పుతుంది. కానీ కింద డాబా కారుతూ ఉంటే ముందు ఆ రిపేరు చేయించండి. తడి శ్లాబు మీద వేసిన ఏ పెయింటైనా పొక్కుతుంది. డాబా మీద బట్టలు ఆరేయడం, వడియాలు పెట్టడం, పిల్లల ఆటలు ఉన్న ఇళ్లకి తెల్ల టైల్స్ నయం. పగిలిన తెల్ల టైలు ముక్కలతో పరిచే మొజాయిక్ కూడా దశాబ్దాలుగా నిలిచిన పద్ధతే. పరిచేటప్పుడు నీళ్లు నిలవకుండా వాలు చూసుకోవాలి.

దుమ్ము మాత్రం దేన్నీ వదలదు. రోడ్డు పక్క ఇంట్లో ఏడాది, రెండేళ్లలో తెల్లదనం గణనీయంగా పడిపోతుంది. సముద్రతీరంలో వానాకాలం తర్వాత నల్లటి పాచి పడుతుంది. ఎండాకాలానికి ముందు ఒకసారి చీపురుతో రుద్ది కడిగితే పోయిన గుణంలో చాలావరకు తిరిగి వస్తుంది. ఎంత ఖరీదైన పెయింటైనా కడగకపోతే మూడో ఏటికి మామూలు డాబాయే.

థర్మోకోల్ లాంటివి కప్పుకి కింద వేయించాలా, పైన వేయించాలా?

వీలైతే పైనే. కింద ఫాల్స్ సీలింగు వేస్తే శ్లాబు ఎప్పటిలాగే కాలుతుంది. ఆ సెగ మన మీద పడకుండా ఒక తెర కట్టినట్టవుతుందంతే. పైన వేస్తే శ్లాబుకి ఎండే తగలదు, కాంక్రీటు ఎండకి సాగి రాత్రికి ముడుచుకుని పగుళ్లివ్వడం కూడా తగ్గుతుంది. గులాబీ రంగులోనో నీలం రంగులోనో దొరికే ఎక్స్‌పీఎస్ అనే గట్టి నురుగు బోర్డులు ఒక అంగుళం మందం పరిచి, పైన సన్నని కాంక్రీటు, దాని మీద తెల్ల టైల్స్ వేయడం మంచి పద్ధతి. దాంతో శ్లాబు గుండా దిగే వేడి సుమారు నాలుగో వంతుకి పడిపోతుంది. మామూలు థర్మోకోల్ షీట్లు ఇంటి లోపల సీలింగుకి అంటించడం మాత్రం వద్దు. నిప్పంటుకుంటే ప్రమాదం.

ఒక హెచ్చరిక. ఇన్సులేషన్ వేడిని బయటి నుంచి రానివ్వదు, లోపలిది బయటికి పోనివ్వదు కూడా. ఏసీ ఉన్న గదికి అది వరం. ఏసీ లేకుండా, రాత్రి కిటికీలు మూసుకుని పడుకునే ఇంట్లో వంట, మనుషులు, ఫ్రిజ్ పుట్టించిన వేడి లోపలే ఉండిపోతుంది. అలాంటి చోట ముందు తెల్లపూత, రాత్రిపూట గాలి ఆడే ఏర్పాటు.

ఇటుక, ఏఏసీ బ్లాకు, మివాన్ కాంక్రీటు గోడ, వీటిలో ఏది చల్లన?

గోడ గుండా ఎంత వేడి దిగుతుందో చెప్పే అంకెని యూ–వాల్యూ అంటారు. తక్కువైతే మేలు. రెండు వైపులా ప్లాస్టరింగ్ చేసిన తొమ్మిదంగుళాల ఇటుక గోడకి అది 2 దగ్గర ఉంటుంది. ఏఏసీ, అంటే లోపల గాలి గుల్లలుండే తేలికపాటి కాంక్రీటు బ్లాకులతో కట్టిన ఎనిమిదంగుళాల గోడకి 0.8 లోపే. హైదరాబాదు హైరైజుల్లో ఇప్పుడు ఎక్కువగా కనిపించే మివాన్ గోడ, అంటే అల్యూమినియం ఫ్రేముల్లో పోసే ఆరంగుళాల కాంక్రీటు, 3.5 దాటుతుంది. ఒకే ఎండకి మివాన్ గోడ లోపలికి పంపే వేడి ఏఏసీ గోడకన్నా నాలుగు రెట్లకు పైనే.

మివాన్‌కి వేరే గుణాలున్నాయి. పని త్వరగా అయిపోతుంది, గోడలు నున్నగా, గట్టిగా వస్తాయి, సీపేజీ తక్కువ. బిల్డర్లు ఎందుకు ఇష్టపడతారో అర్థం చేసుకోవచ్చు. కానీ బ్రోచర్లలో క్లబ్‌హౌస్ గురించి రెండు పేజీలుంటాయి, పడమటి గోడ గురించి ఒక్క ముక్క ఉండదు. ఫ్లాట్ కొనేటప్పుడు పడమటి పడకగది గోడ ఏమిటి, దాని బయట బాల్కనీ గానీ సజ్జ గానీ ఉందా అని అడగండి. బాల్కనీ ఉన్న పడమటి గోడ, ఏ మెటీరియల్‌దైనా, నేరుగా ఎండ తగిలే గోడకన్నా మేలు. ఇప్పటికే కొనేసి ఉంటే బయటి ముఖానికి లేత రంగు, కిటికీకి బయటి వైపు వెదురు తడికో బ్లైండో. లోపల వేసే కర్టెన్ అద్దం దాటి వచ్చేసిన ఎండని ఆపుతుంది కాబట్టి దాని వల్ల లాభం తక్కువ.

ఎలివేషన్‌కి ముదురు గ్రే, నలుపు ఇప్పుడు ఫ్యాషన్. వేయించొచ్చా?

ఉత్తరం ముఖానికి వేయించుకోండి, పెద్ద నష్టం లేదు. పడమటికి, తూర్పుకి వద్దు. అలాగే పడమటికి నిలువెత్తు అద్దం పెట్టి, తర్వాత రెండు టన్నుల ఏసీ పెట్టుకోవడం కన్నా ఆ డబ్బుతో మూడడుగుల సజ్జలూ, నిలువు ఫిన్నులూ (పక్క ఎండకి అడ్డంగా నిలబెట్టే పలకలు) కట్టించుకోవడం తెలివైన పని. హైటెక్ సిటీ వైపు అద్దాల బిల్డింగులు చూసి ఇంటికి అదే కావాలనుకునేవాళ్లు, ఆ బిల్డింగుల్లో ఏసీ రోజంతా నడుస్తుందని మర్చిపోతారు.

పాత మట్టి మిద్దెలు చల్లగా ఉండేవి. మందపు గోడలు కడితే విశాఖలోనూ చల్లగా ఉంటుందా?

ఉండదు. వాతావరణం మారితే సలహా మారేది ఇక్కడే. రాయలసీమలో మట్టి మిద్దె అంత బాగా పనిచేయడానికి కారణం మట్టి ఒక్కటే కాదు, అక్కడి రాత్రి కూడా. అనంతపురంలో మే నెలలో పగటికీ రాత్రికీ పన్నెండు డిగ్రీల దాకా తేడా ఉంటుంది. గోడ పగలంతా మింగిన వేడిని తెల్లవారేలోపు పొడిగాలిలోకి వదిలేసి మర్నాటికి సిద్ధమవుతుంది. రాజస్థాన్‌లో జైసల్మేర్ రాతి గోడలు, ఇరాన్‌లో యజ్ద్ నగరపు మట్టి ఇళ్లు, అన్నిటిదీ ఇదే పద్ధతి.

విశాఖలో అదే మేలో పగటికీ రాత్రికీ ఆరేడు డిగ్రీలే తేడా. రాత్రి కూడా 27, 28 డిగ్రీలు, పైగా తేమ. గోడ తన వేడిని వదలడానికి చోటే దొరకదు. అక్కడ కావాల్సింది నీడ, గాలి, త్వరగా చల్లబడే తేలికపాటి కప్పు. ఉత్తరాంధ్ర తీరంలోని తాటాకు చుట్టిళ్లని చూడండి: దాదాపు నేలదాకా దిగే కప్పు గోడకి ఎండ తగలనివ్వదు, ఆకు వేడిని దాచుకోదు. ఆ గుండ్రటి ఆకారం తుఫాను గాలికీ నిలుస్తుంది. తీరంలో కాంక్రీటు ఇల్లు కట్టుకున్నా ఇదే సూత్రం: లేత రంగు కప్పు, చుట్టూ వెడల్పు సజ్జలు, ఎదురెదురు కిటికీలు.

హైదరాబాదు ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. జాతీయ భవన నియమావళి దాన్ని మిశ్రమ వాతావరణం కింద వేసింది. ఏప్రిల్, మేలలో పొడి వేడి, జూలైలో ఉక్క, డిసెంబరులో దుప్పటి. తెల్ల కప్పు, ఇన్సులేట్ చేసిన పడమటి గోడ, రాత్రి తెరుచుకునే కిటికీలు ఉంటే మూడు కాలాలూ గడుస్తాయి.

చలి ప్రాంతాల్లో ఏం చేస్తారు?

మనం తప్పించుకోవాలని చూసేదాన్నే వాళ్లు కోరి తెచ్చుకుంటారు. లేహ్‌లో చలికాలం రాత్రులు సున్నాకి ఎంతో కిందికి పోతాయి, కానీ పగలు ఆకాశం నిర్మలంగా ఉండి ఎండ బాగా కాస్తుంది. అక్కడ దక్షిణపు గోడని మందంగా కట్టి, నల్ల రంగు వేసి, ముందు కాస్త ఖాళీ వదిలి అద్దం బిగిస్తారు. దాన్ని ట్రోంబ్ గోడ అంటారు. ఫ్రాన్స్‌లో ఓదెయ్యో అనే చోట ఇంజనీరు ఫెలిక్స్ ట్రోంబ్, ఆర్కిటెక్ట్ జాక్ మిషెల్‌తో కలిసి 1967లో ఇలాంటి ఇల్లు కట్టాడు. పగలు మింగిన ఎండ రాత్రికి లోపలికి చేరుతుంది. విజయవాడలో పడమటి గోడ చేసే పనే ఇది. అక్కడ అది నిద్ర పట్టనివ్వదు, లేహ్‌లో బుఖారీ (గదిని వెచ్చబెట్టే పొయ్యి) కట్టెలు మిగులుస్తుంది.

లంబసింగి, అరకు చలి అంత దూరం పోదు. అక్కడ దక్షిణం వైపు కిటికీ, సందుల్లేని తలుపులు చాలు.

మా అబ్బాయి వాళ్లు అమెరికాలో ఉంటారు. వాళ్ల ఇంటి కప్పు నల్లగా ఉంది. తెల్లగా మార్చుకోమనాలా?

ఏ ఊళ్లో అన్నదాన్ని బట్టి. న్యూజెర్సీలో ఏడాదిలో ఎక్కువ ఖర్చు ఇల్లు వెచ్చబెట్టడానికే. పైగా ఆ నల్ల షింగిల్స్‌కీ (కప్పు మీద పరిచే తారు పలకలు) సీలింగుకీ మధ్య అటకలో అడుగు మందం దాకా ఇన్సులేషన్ ఉంటుంది. రంగు ప్రభావం లోపలికి పెద్దగా చేరదు. వాళ్లు చూసుకోవాల్సింది ఆ ఇన్సులేషన్ సరిగా ఉందా, అటకకి గాలి ఆడుతోందా అన్నదే. డల్లాస్‌లో వేసవి పొడుగు, ఏసీ బిల్లు ఎక్కువ, అక్కడ మళ్లీ షింగిల్స్ మార్చే పని పడితే లేత రంగు ఎంచుకోవడం మంచిదే.

తెల్ల కప్పు వల్ల చలికాలంలో ఎండ వేడి కోల్పోతారు కదా అని అడుగుతారు. కోల్పోతారు, కానీ కొంచెమే. చలికాలంలో పగలు చిన్నది, సూర్యుడు ఏటవాలుగా ఉంటాడు, కొన్నాళ్లు కప్పు మీద మంచే ఉంటుంది. న్యూయార్క్ లాంటి చలి ఊరు కూడా 2009 నుంచి చదునైన డాబాలకి తెల్ల రంగు వేయించే కార్యక్రమం నడుపుతోంది.

ప్రభుత్వ నిబంధనలు ఏమైనా ఉన్నాయా?

తెలంగాణ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల మేర చల్లటి కప్పులు ఉండాలన్నది లక్ష్యం, అందులో 200 హైదరాబాదులోనే. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకీ, 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్లకీ తప్పనిసరి అన్నారు. అంతకన్నా చిన్నవాటికి ఐచ్ఛికం. నిజానికి ఎక్కువ అవస్థ పడేది ఆ చిన్న ఇళ్లవాళ్లే, రేకుల షెడ్ల వాళ్లే. కేంద్రం 2018 డిసెంబరులో తెచ్చిన ఎకో నివాస్ సంహిత ఇళ్ల కప్పుకి యూ–వాల్యూ 1.2 దాటకూడదంటుంది. ఏ పూతా లేని మామూలు శ్లాబుది దానికి మూడు రెట్లు.

డాబా మీద సోలార్ ప్యానెళ్లు పెడితే ఇల్లు ఇంకా వేడెక్కుతుందా?

లేదు, తగ్గుతుంది. ప్యానెల్ తాను వేడెక్కినా శ్లాబుకి నీడనిస్తుంది. కింద అడుగైనా ఖాళీ ఉండి గాలి ఆడాలి. ప్యానెళ్లు లేని మిగతా భాగానికి తెల్లపూత వేయించండి.

సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లడం మంచిదేనా?

పొడి ఊళ్లలో మంచిదే. నీరు ఆవిరవుతూ శ్లాబు వేడిని తీసుకుపోతుంది. కర్నూలులో, అనంతపురంలో, హైదరాబాదులో మే నెలలో తేడా వెంటనే తెలుస్తుంది. తీరంలో గాలికి ఇప్పటికే తేమ ఎక్కువ కాబట్టి లాభం తక్కువ. ఎండ దిగాక చల్లండి, తడిసి ఆరేంత మాత్రమే చల్లండి. బోరు ఎండిపోయే ఊళ్లలో దీనికోసం మోటారు వేయడం దండగ, బట్టలు జాడించిన నీళ్లు చాలు. నల్ల ప్లాస్టిక్ ట్యాంకులో నీళ్లయితే అప్పటికి సలసల కాగుతుంటాయి. ఆ ట్యాంకుకి కూడా తెల్లపూతో, పైన చిన్న పందిరో వేయించండి.